పెట్టెలో పెట్ట

జానెడు పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉన్న చెక్క పెట్టె. పైభాగం తెరిచే ఉంటుంది. ఒక కొసన మరమేకుతో, చిన్న స్ప్రింగుతో బిగించిన మూత అటూ ఇటూ కదులుతుంది. ఆ మూతే పెట్టెను దాటి ముందుకు సాగి పిడి అవుతుంది. బల్ల మీద పెడితే బడిపిల్లలు పెన్సిళ్ళు దాచుకునే డబ్బా అనుకుంటాం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, ఏప్రిల్ తెల్లవారుజామున, ఓక్ చెట్టు మొదట్లో నడుం ఆనించి కూర్చున్న మనిషి ఈ మూతను పట్టుమని అంగుళం కూడా జరపకుండా నాలుగుసార్లు లాగుతాడు. రెండు వందల గజాల అవతల కొమ్మ మీదున్న అడవి టర్కీ పుంజు మెడ సాచి, గొంతు చించుకుని బదులిస్తుంది. దాని లెక్కన ఆ ఓక్ చెట్టు కింద ఒక పెట్ట ఉంది.

దీన్ని బాక్స్ కాల్ అంటారు. అడవి టర్కీని పిలిచే పనిముట్లు ఇంకా ఉన్నాయి. పలక ఉంది, నోట్లో పెట్టుకునే రబ్బరు బిళ్ళ ఉంది, రెక్క ఎముకలతో చేసే పీక ఉంది. అన్నింటి పనీ ఒక్కటే, పెట్టలా మాట్లాడటం. వేట మీద నాకు పెద్ద మోజు లేదు. ఈ పెట్టె మీద మాత్రం ఉంది. తుపాకీ ఎవరైనా పేల్చగలరు. ఒక పక్షి గొంతులో ఉన్న జీరను, విరుపును, తొందరను, నిదానాన్ని రెండు చెక్కముక్కల మధ్య ఇరికించి పెట్టడం అందరివల్లా అయ్యేది కాదు.

పనిమంతుడికి ఎదురయ్యే మొదటి చిక్కు ప్రకృతిలోనే ఉంది. టర్కీల్లో పిలిచేది పుంజు, వెళ్ళేది పెట్ట. వసంతంలో తెల్లారకముందే పుంజు కొమ్మ మీది నుంచి 'గాబుల్' అని అరుస్తుంది. మన ఊళ్ళలో పెంపుడు టర్కీని చూసినవాళ్ళకు ఆ గుళగుళ శబ్దం తెలుసు, అడవిలో అది మైలు దూరం వినిపిస్తుంది. తర్వాత కిందికి దిగి, తోక విసనకర్రలా విప్పి, రెక్కల కొసలు నేలకు రాస్తూ, ఉన్నచోటే తిరుగుతుంది. పెట్టలు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. వేటగాడు ఈ ఆచారాన్ని తలకిందులు చేయాలి. వెళ్ళాల్సిన పెట్ట కూర్చునే ఉంటుంది, కూర్చోవాల్సిన పుంజు లేచి రావాలి. అంటే పిలుపు పెట్టలా ఉంటే సరిపోదు, పుంజు తన మర్యాద పక్కన పెట్టి నడిచి వచ్చేంత నమ్మకంగా ఉండాలి. పైగా ఆ వచ్చే పక్షి మామూలుది కాదు. రంగులు చూస్తుంది, తల కొద్దిగా తిప్పితే చుట్టూ ఉన్నదంతా చూస్తుంది, శబ్దం ఏ చెట్టు పక్కనుంచి వచ్చిందో చాలా దూరం నుంచే పోల్చుకుంటుంది. వాసన పట్టడం ఒక్కటే దానికి పెద్దగా రాదు.

పెట్ట మాటల్లో ముఖ్యమైనది 'యెల్ప్'. దీన్నొకసారి దగ్గరగా వినాలి. దూరం నుంచి వింటే కీచుమన్నట్టు ఒకే కూత. నిజానికి ఒక్కో కూతలో రెండు భాగాలున్నాయి. మొదట సన్నగా, తేటగా, ఎత్తులో మొదలవుతుంది. వెంటనే, రెప్పపాటులో, విరిగి కిందికి పడుతుంది. పడిన చోట గొంతు బొంగురు. ఆ పైస్వరానికీ కింది బొంగురుకీ మధ్య సందు ఉండదు, ఒకటి రెండోదానిలోకి తిరగబడుతుంది. ఇలాంటివి నాలుగైదో, ఏడెనిమిదో వరుసగా వస్తాయి, సెకనుకు మూడు నాలుగు చొప్పున. వరుస చివరికి వచ్చేసరికి కాస్త నెమ్మదించి కాస్త తగ్గుతుంది. ముసలి పెట్టకు బొంగురు ఎక్కువ, పడుచు పెట్టకు తేటదనం ఎక్కువ. పుంజులు కూడా యెల్ప్ చేస్తాయి, కానీ వాటిది మోటు గొంతు, నిదానపు నడక.

పనితనమంతా ఆ విరుపులో ఉంది. తేట స్వరం పుట్టించడం కష్టం కాదు, గరగర పుట్టించడం అసలు కష్టం కాదు. తేటగా మొదలై, సరైన చోట, సరైన క్షణంలో చెడాలి. మిగతా వాద్యాలు చేసేవాళ్ళు జీవితమంతా ఏ అపస్వరాన్ని వదిలించుకోవాలని పాటుపడతారో, టర్కీ పెట్టె చేసేవాడు దాన్ని కొలతేసి మరీ లోపల పెడతాడు.

ఎలా పెడతాడో చూద్దాం. పెట్టె రెండు చివరలా మందపాటి దిమ్మలు, అడుగున ఒక పలక, రెండు పక్కలా పల్చటి గోడలు. పైకి వచ్చేకొద్దీ గోడ ఇంకా పల్చనవుతుంది. పై అంచు సమంగా ఉండదు, మధ్యలో కొద్దిగా లేచి వంపు తిరిగి ఉంటుంది. మూత అడుగుభాగం కూడా చదును కాదు, అడ్డంగా చూస్తే చిన్న ఉబ్బు. ఆ ఉబ్బు మీద సుద్ద పూస్తారు. మూతను గోడ అంచు మీదుగా జరిపినప్పుడు సుద్ద పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు కొన్ని వందల సార్లు ఇలా జరిగి గోడ అదురుతుంది. లోపలి ఖాళీ ఆ అదురును పెంచి బయటికి పంపుతుంది. వయొలిన్ కమాను తీగ మీద చేసేదీ ఈ పనే, అక్కడ రోజనం, ఇక్కడ సుద్ద. ఇక విరుపు సంగతి. మూత ఉబ్బు, అంచు వంపు రెండూ కలవడం వల్ల అవి తాకే చోటు జరుగుతూ పోతుంది. మొదట తాకిన చోట ఎత్తు స్వరం పలుకుతుంది. వెంట్రుకవాసి జరగ్గానే స్వరం కిందికి పడుతుంది. ఆ రెండు వంపులు ఎక్కడ ఎంత ఉండాలన్నదే మొత్తం రహస్యం. కొలతలు రాసిపెట్టుకున్నా లాభం లేదు, ఎందుకంటే ప్రతి చెక్కముక్కా వేరే.

అందుకే చివరి పని చెవితో జరుగుతుంది. పెట్టె అతికించాక, మూత బిగించాక, చేసినవాడు లాగి వింటాడు. గోడను లోపలివైపు గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దుతాడు. మళ్ళీ వింటాడు. గోడ పల్చబడేకొద్దీ స్వరం దిగుతుంది. ఒక రుద్దు ఎక్కువైతే చెక్కను తిరిగి అతికించలేం, ఆ పెట్టె పొయ్యిలోకే. మంచి పెట్టెల్లో రెండు గోడలూ ఒకేలా ఉండవు. ఒకవైపు లాగితే పడుచు పెట్ట, రెండోవైపు లాగితే ముసలిది. కలప ఎంపికలో ఎవరి పిచ్చి వారిది. సాధారణంగా పెట్టెకు సెడార్, పాప్లర్ లాంటి మెత్తటి కలప, మూతకు వాల్‌నట్ లాంటి గట్టి కలప. కొందరు పాత పశువుల కొట్టాలు కూలగొట్టేచోట తిరుగుతూ, పురుగు రంధ్రాలున్న చెస్ట్‌నట్ పలకల కోసం వెతుకుతారు. అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లకు 1904లో న్యూయార్క్‌లో తెగులు కనిపించింది, కొన్ని దశాబ్దాల్లో ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దొరికితే ఇలా పాత గోడల్లోనే దొరకాలి.

అర్కాన్సా రాష్ట్రం డార్డనెల్‌కు చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో ఈ మూత పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. చిన్న మార్పులు తప్పితే ఇప్పటికీ నడుస్తున్నది ఆ నమూనాయే. 1940ల్లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఎం.ఎల్. లించ్ పెట్టెలు చేసి, కారులో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన 'ఫూల్ ప్రూఫ్' అని పేరుపెట్టిన పెట్టె చేతకానివాడి చేతిలో కూడా తప్పు పలకకూడదన్న ఉద్దేశంతో పుట్టింది. దానికి ఎదురు కొసన సౌత్ కరోలినాలోని గ్రీన్‌వుడ్ నివాసి నీల్ కాస్ట్ ఉంటాడు. పొడవాటి మూత, పడవ తెడ్డులా సాగిన పిడి ఆయన పెట్టె గుర్తు, దాని పేరు కూడా 'బోట్ ప్యాడిల్'. ఆయన 2002లో పోయాడు. ఇప్పుడు ఆయన చేతి పెట్టె సేకర్తల మధ్య వేల డాలర్లు పలుకుతుంది, చాలామటుకు అద్దాల బీరువాల్లో కూర్చుంటుంది. నాకు లించ్ పని తక్కువదిగా అనిపించదు. పాతిక మంది నిపుణులకు నచ్చే పెట్టె ఒకటి చేయడం వేరు, ఎక్కడివాడికో పోస్టులో వెళ్ళినా సరిగ్గా పలికే పెట్టెలు వరసగా చేయడం వేరు. రెండోదానికి చెవి మాత్రమే చాలదు, కొలత మీద పట్టు కావాలి.

వాడటంలోనూ కిటుకులున్నాయి. పెట్టెను గుప్పిట్లో బిగించకూడదు, గోడలు నొక్కుకుపోతే గొంతు పూడుకుపోతుంది. అరచేతిలో అడుగుభాగం ఆనించి వదులుగా పట్టుకోవాలి. మూత అడుగున వేలు తగలకూడదు, ఒంటి జిడ్డు అంటుకుంటే సుద్ద పట్టు పోతుంది. జిడ్డు, మైనం కలవని సుద్దే వాడాలి. మరమేకు జోలికి పోకూడదు, దాని బిగువు చేసినవాడు విని పెట్టినది. యెల్ప్ కావాలంటే మూతను అంచు మీంచి ఎత్తకుండా చిన్నగా లాగాలి, తిరిగి తెచ్చేటప్పుడు కూడా ఎత్తకూడదు. కొత్తవాళ్ళు పెద్దగా ఊపుతారు, అక్కడే చెడుతుంది. వాన పడితే ఈ పెట్టె మూగది. అందుకే పాతకాలపు వేటగాళ్ళు దాన్ని బ్రెడ్డు ప్లాస్టిక్ కవరులో దూర్చి, కవరు లోపలే వాయిస్తారు.

పెట్టె కంటే చాలా పాతది రెక్క ఎముకల పీక. పెట్ట రెక్కలోని మూడు ఎముకలు తీసి, ఉడికించి, మూలుగ తోడేసి, చివరలు కోసి, సన్నదాన్ని లావుదానిలోకి, దాన్ని ఇంకా లావుదానిలోకి దూర్చి అతికిస్తారు. అతుకుల మీద దారం చుడతారు. దీన్ని ఊదరు, పెదవుల కొసన పెట్టి గాలిని లోపలికి చప్పరిస్తారు. పెదవులే అదురుతాయి, ఎముక గొట్టం ఆ అదురుకు ఆకారం ఇస్తుంది. పక్షి ఎముకతో ఆ పక్షి మాటే పలికించడం తల్చుకుంటే కాస్త ఒళ్ళు జలదరిస్తుంది. పని చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఈ పీకలకు పేరుపడ్డ చార్లెస్ జోర్డాన్ టర్కీల గురించి జీవితమంతా రాసుకున్నాడు. 1909లో దొంగవేటగాడి తుపాకీకి బలయ్యాడు. ఆయన రాతప్రతులను లూసియానాకు చెందిన ఎడ్వర్డ్ మెకిల్‌హెన్నీ సంపాదించి, 1914లో అడవి టర్కీ మీద పుస్తకంగా తెచ్చాడు. టబాస్కో మిరప సాసు చేసే కుటుంబం ఆయనది.

పలక కాల్ గురించి తెలుగువాళ్ళకు ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది పలకే. అరచేతిలో ఇమిడే గుండ్రటి గిన్నె, పైన నల్లరాతి పలక, లోపల చిన్న సందు వదిలి అమర్చిన రెండో బిళ్ళ, అడుగున రంధ్రాలు. బలపం బదులు గట్టి చెక్క పుల్ల. పలక నున్నగా ఉంటే పలకదు కనుక ముందు గరుకు కాగితంతో ఒకే దిక్కున రుద్దుతారు, ఆ గీతలకు అడ్డంగా పుల్ల నడవాలి. పుల్లను కలంలా పట్టుకుని, కాస్త వాల్చి, మిరపగింజంత సున్నా చుడితే యెల్ప్. పుల్ల కొన పలకను వదలకూడదు. రాతికి బదులు గాజు, అల్యూమినియం కూడా వేస్తారు. అవి గట్టిగా, తీక్షణంగా పలుకుతాయి, గాలి వీచే రోజున పనికొస్తాయి.

పలక గొప్ప యెల్ప్‌లో కనపడదు. దాని గొప్ప 'పర్'లో ఉంది. మేత మేస్తూ, ఏ భయం లేకుండా తిరిగే పెట్ట గొంతులో సన్నటి గురగుర మెదులుతూ ఉంటుంది. ముప్పై గజాలు దాటితే మనిషి చెవికి అందదు. పుల్లను ఏ బరువూ లేకుండా, దాని సొంత బరువుతోనే, పలక మీద నెమ్మదిగా ఈడిస్తే అది చిన్న చిన్న గంతులేస్తుంది. ఆ గంతుల వరసే పర్. చెయ్యి కొద్దిగా బరువైనా గంతులు అతుక్కుపోయి కీచుమంటుంది, తేలికైతే అసలు పలకదు. అమెరికాలో టర్కీ పిలుపుల్లో చెయ్యి తిరిగినవాళ్ళని అంచనా వేయాలంటే యెల్ప్ వినక్కర్లేదు, పర్ వింటే చాలు.

నోటి కాల్‌ది వేరే దారి. గుర్రపు నాడా ఆకారంలో సన్నటి అల్యూమినియం చట్రం, దాని మీద లాగి బిగించిన పల్చటి రబ్బరు పొరలు రెండో మూడో, చుట్టూ నోటికి అతుక్కునే పట్టీ. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన శామ్యూల్ మెక్లెయిన్ 1921లో దీనికి పేటెంటు పొందాడు. అంగిట్లో పెట్టుకుని, నాలుకతో నొక్కి, ఛాతీ లోంచి గాలి వదలాలి. మొదటి రోజుల్లో ఎవరికైనా వాంతి వచ్చినట్టే ఉంటుంది. ఇక్కడ విరుపును పుట్టించేది రబ్బరు మీద పెట్టిన కోత. పై పొరకు 'వీ' ఆకారంలో గాటు పెడితే ఒక రకం బొంగురు, రెండువైపులా కోస్తే ఇంకో రకం. నాలుక ఒత్తిడి పెంచితే తేట స్వరం, దవడ జార్చి ఒత్తిడి వదిలితే కింది స్వరం. చేతులు రెండూ ఖాళీగా ఉండటం దీని లాభం. పుంజు నలభై గజాల్లోకి వచ్చాక పెట్టె మూత మీద వేలు కదిలినా పని అయిపోయినట్టే. వాడాక పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పళ్ళపుల్ల దూర్చి, ఎండ తగలనిచోట ఆరబెడతారు.

ఇంతా చేసి మాట తెలియకపోతే గొంతు ఉండి ఏం లాభం? ఫ్లోరిడా జీవశాస్త్రవేత్త లోవెట్ విలియమ్స్ అడవిలో టర్కీల గొంతులు రికార్డు చేసి, ఇరవైకి పైగా రకాల పిలుపులను విడదీసి, వాటి అర్థాలతో సహా 1984లో పుస్తకం వేశాడు. అదే రాష్ట్రంలో జో హుటో గుడ్లు పొదిగించి, పిల్లలు పెంకులో ఉండగానే వాటితో మాట్లాడి, తల్లిగా మారి పెంచాడు. 1995లో వచ్చిన ఆయన పుస్తకం చదివాక టర్కీని బుర్రలేని పక్షి అనడం కష్టం. గుడ్డులోపలి పిల్ల కిచకిచలాడుతుంది, తల్లి పైనుంచి బదులిస్తుంది. అంటే ఈ భాష చెవిన పడటం పుట్టుకకు ముందే మొదలవుతుంది.

ఆ భాషలో మోసపోయే చోట్లున్నాయి. 'క్లక్' అంటే పొట్టిగా ఒక్క మాట, "ఇక్కడున్నా, నువ్వెక్కడ?" అన్నట్టు. 'పట్' కూడా పొట్టి మాటే, కానీ అర్థం "ప్రమాదం!" రెంటికీ తేడా కొస పదునులో ఉంది. క్లక్ గుండ్రంగా ఉంటుంది, పట్ తెగిపడినట్టు గట్టిగా, పొడిగా ఉంటుంది. పెట్టె మూత పొరపాటున అంచుకు టక్కున తగిలితే, పిలుస్తున్నవాడే "పారిపో" అని చెప్పినట్టవుతుంది. 'కటింగ్' అంటే క్లక్‌లు వేగంగా, తాళం తప్పి, గుత్తులుగా రావడం. పెట్ట విసిగిపోయి, ఉద్రేకంలో ఉందని అర్థం. కొమ్మ మీంచి దిగేటప్పుడు వేసే 'కాకిల్' వేరు. వేటగాళ్ళు దాన్ని పలుకుతూ టోపీని తొడకేసి కొట్టి రెక్కల చప్పుడు కూడా కలుపుతారు.

శరదృతువు వేటకు వ్యాకరణమే మారిపోతుంది. అప్పుడు జత కోరిక ఉండదు, మంద మీద ప్రేమ ఉంటుంది. మందను చెదరగొట్టి, చెల్లాచెదురైనచోట కూర్చుని, తప్పిపోయిన పిల్ల వేసే 'కీ-కీ' వేస్తారు. మూడు సన్నటి ఈలలు, చివర వచ్చీరాని యెల్ప్ ఒకటి. తల్లిలా బదులిచ్చేవాళ్ళూ ఉంటారు. నిజం చెప్పాలంటే ఈ పిలుపు నాకు మింగుడుపడదు. ప్రేమికుణ్ణి మోసం చేయడంలో కొంత సరసం ఉంది, తల్లి కోసం ఏడ్చే పిల్ల గొంతును వాడుకోవడంలో అది లేదు.

వసంతపు వేటకు మళ్ళీ వద్దాం. చీకటి ఉండగానే వేటగాడు గుడ్లగూబ కూత వేస్తాడు. బార్డ్ జాతి గుడ్లగూబ ఎనిమిది స్వరాల కూత వింటే కొమ్మ మీది పుంజు ఉండబట్టలేక గాబుల్ చేస్తుంది. ఉరుముకు, కారు తలుపు చప్పుడుకు కూడా చేస్తుంది. అలా చోటు తెలుసుకుని, నూరు నూటయాభై గజాల దూరంలో చెట్టుకు ఆని కూర్చుంటాడు. వెలుగు రేఖలు రాగానే నిద్ర మత్తులో ఉన్న పెట్టలా రెండు మూడు మెత్తటి యెల్ప్‌లు. పుంజు బదులిచ్చిందా, ఇక నోరు మూసుకోవడమే. కొత్తవాడికి అది చేతకాదు. పుంజు పలికినప్పుడల్లా తానూ పలుకుతాడు. పుంజు, పెట్ట ఎక్కడుందో తనకు తెలిసిపోయింది కనుక, అదే నడిచి వస్తుందని కొమ్మ మీదే ఉండిపోతుంది. లేదంటే దిగి, అరవై డెబ్భై గజాల దగ్గర ఆగి, తోక విప్పి, అక్కడే తిరుగుతుంది. ఇంక ఒక్క అడుగు వేయదు. దాని లెక్క దానిది. సగం దూరం నేను వచ్చాను, మిగతా సగం నువ్వు రా.

అప్పుడు అనుభవజ్ఞుడు పెట్టె కింద పెట్టేసి చేత్తో ఎండుటాకులు గీకుతాడు. టర్కీ మేసేటప్పుడు ఒక కాలితో ఒకసారి, రెండో కాలితో రెండుసార్లు గీకి ఆగి చూస్తుంది. ఆ తాళంలోనే గీకాలి. ఈ పెట్ట ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు, తన తిండి తాను తింటోంది అని పుంజుకు అనిపించాలి. మధ్యలో ఒక చిన్న పర్. ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు ఏమీ ఉండకపోవచ్చు. రాని పుంజు కోసం పిలుపు పెంచేవాళ్ళ కంటే తగ్గించేవాళ్ళే ఎక్కువగా దాన్ని చూస్తారు. పొద్దెక్కాక, పెట్టలు గూళ్ళకు వెళ్ళి గుడ్లు పెట్టే వేళకు పుంజులు ఒంటరివవుతాయి. పొద్దున పట్టించుకోనిది తొమ్మిది, పదింటికి తనంత తానే వెతుక్కుంటూ రావడం మామూలే.

మన పల్లెల్లో కౌజుపిట్టలు పట్టేవాళ్ళు పెంపుడు కౌజు పుంజును బుట్టలో పెట్టి చేలగట్టు మీద వదిలేవారు. దీమం అనే ఆ ఎర పుంజు కూయగానే, ఆ చేనుకు తానే యజమానిననుకునే అడవి కౌజు కొట్లాటకు వచ్చి ఉచ్చులో పడేది. అక్కడ వలపుతో పనిలేదు, రోషమే ఎర. టర్కీ వేటలోనూ రెండు పుంజులు పోట్లాడుకునే గురగురను రెండు పనిముట్లతో ఒకేసారి పలికించి రోషగాణ్ణి రప్పించే పద్ధతి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర కౌజులు పట్టే ఆ విద్య నేరమయింది, కావలసిందే. అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. అడవులు నరికి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడి, ఇరవయ్యో శతాబ్దం మొదటికి చాలా రాష్ట్రాల్లో టర్కీ లేకుండా చేశారు. మసాచుసెట్స్‌లో చివరి పక్షి 1851లోనే పోయింది. పెంపకపు టర్కీలను తెచ్చి అడవిలో వదిలి చూశారు, బతకలేదు. తల్లి దగ్గర ఆ భాష నేర్వని పక్షికి ఏ పిలుపుకు పారిపోవాలో తెలియదు. చివరకు ఎక్కడో మిగిలిన అడవి పక్షులనే ఫిరంగిలా పేల్చి విసిరే వలలతో పట్టి, కొత్తచోట్ల వదిలారు. మసాచుసెట్స్‌లో 1972, 1973ల్లో వదిలినవి 37. న్యూజెర్సీలో 1977లో వదిలినవి 22. ఇవాళ అక్కడి తెలుగువాళ్ళు ఆఫీసుకు వెళ్తూ కారు ఆపి, రోడ్డు దాటే టర్కీ గుంపుకు దారి ఇస్తున్నారంటే అది వాటి సంతతే. టర్కీలను ఇలా తిరిగి తెచ్చిన ఖర్చులో పెద్ద వాటా 1937 నాటి చట్టం కింద తుపాకులు, తూటాల మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. చంపేవాడి డబ్బుతో బతికించడం కొందరికి నచ్చదు. లెక్క మాత్రం అదే.

చాలా రాష్ట్రాల్లో రికార్డు చేసిన టర్కీ గొంతు స్పీకరులో వినిపించి వేటాడటం నిషిద్ధం. పుంజులనే కాల్చాలన్న నియమం వసంతంలో దాదాపు అంతటా ఉంది. స్పీకరు కుదరదు కనుకే ఈ చెక్క పెట్టెలు, పలకలు బతికాయని నాకు అనిపిస్తుంది. సౌత్ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ కేంద్రంగా పనిచేసే నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ 1973లో పుట్టింది. ఏటా నాష్‌విల్‌లో జరిగే దాని సమావేశంలో పిలుపుల పోటీలే కాక, చేతిపని పనిముట్లకు విడిగా పోటీ పెడతారు. అక్కడ గెలిచే పెట్టెల మీద చెక్కడపు పని, పొదుగుడు పని చూసి అందరూ ఆహా అంటారు. నేను మాత్రం ముందు మూత ఎత్తి గోడ లోపలివైపు చూస్తాను. బయట ఎంత నగిషీ ఉన్నా, గరుకు కాగితం గీతలు లోపలే ఉంటాయి. ఎక్కడ రుద్దాడో, ఎక్కడ ఆపాడో అక్కడ తెలుస్తుంది.

ఈ పనితనం ఎంత నమ్మకంగా ఉంటుందో చెప్పే చేదు సాక్ష్యం ఒకటుంది. పుంజు సంగతి అటుంచితే, మనుషులు కూడా మోసపోతారు. పొదల వెనక నుంచి మంచి యెల్ప్ వినిపిస్తే, ఇంకో వేటగాడు అక్కడ పెట్ట ఉంది, దాని వెంట పుంజు ఉంటుంది అని పాకుతూ వెళ్తాడు. ఆకుపచ్చ బట్టల్లో కదలకుండా కూర్చున్న మనిషి అతనికి కనపడడు. అందుకే టర్కీ వేట నేర్పేవాళ్ళు పిలుపు కంటే ముందు ఈ జాగ్రత్తలు చెబుతారు. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఉండకూడదు, పుంజు తల రంగులు అవే. భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి. శబ్దం విని దాని మీదికి పాకకూడదు, కూర్చుని రప్పించాలి. ఇంకో మనిషి వస్తున్నట్టు కనపడితే చెయ్యి ఊపకూడదు, టర్కీలా పలకకూడదు, లేవకూడదు. ఉన్నచోటే కదలకుండా, మనిషి గొంతుతో, గట్టిగా మాట్లాడాలి.